స్పోర్ట్స్ కారు, మద్రాసు కారు: ముందు కాళ్లు ఒక్కటే

బొబ్బిలి నుంచి సాలూరు మీదుగా ఘాటీ ఎక్కిన విశ్రాంత మిత్రులకు పాత కార్ల కుదుపులు జ్ఞాపకముండే ఉంటాయి. గోతి దెబ్బను స్ప్రింగు కాస్తుంది గాని, ఆపైన తానే ఊగుతూ ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాక్ అబ్జార్బరు. దానిలోని నూనె సన్నని రంధ్రాల గుండా పారుతూ ఊపును అణచివేస్తుంది.

1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ కారు వచ్చింది. మనం 1953 దాకా కలిసి ఉన్న మద్రాసులో, 1960ల దశకంలో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు దానినే స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేశారు. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారుకు ముందు చక్రాల అమరిక ఈ హెరాల్డ్ నుంచే తీసుకున్నారు. సంసారుల బండికీ షోకుల బండికీ ముందు కాళ్లు ఒక్కటేనన్నమాట!

ఈ రెంటిలోనూ ముందు షాక్ అబ్జార్బరు చుట్ట స్ప్రింగు నడుమ ఉంటుంది. పైన మూడు నట్లు, కింద ఒక బోల్టు విప్పితే రెండూ కలిసే బయటికొస్తాయి. అసలు ప్రమాదం ఆ తర్వాతే. స్ప్రింగును కంప్రెసరుతో బిగించకుండా నడినెత్తి నట్టు విప్పితే, అణిగి ఉన్న స్ప్రింగు తుపాకి గుండులా ఎగిరి ప్రాణం మీదికి తెస్తుంది. కొత్తవి వేస్తే రెండు పక్కలా ఒకేసారి వేయాలి.

స్పిట్‌ఫైర్ తయారీ 1980లో ఆగింది. హెరాల్డ్ అంతకుముందే ఆగింది. షెడ్డులోని పాత బండిని బాగుచేస్తామని మనవలు ముచ్చటపడితే కాదనకండి. ఆ నట్టు మీద చెయ్యి వేసే ముందు మాత్రం ఈ నాలుగు ముక్కలూ చదివి వినిపించండి.