శరణార్థులపై నేరచట్టం (భారతదేశం)

శరణు కోరి వచ్చినవారిని విదేశీయుల శిక్షాచట్టాల కింద నియంత్రించే విధానం. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. అందువల్ల మదనపల్లె, పుంగనూరు, కుప్పం పోలీస్ స్టేషన్లలోనైనా, హైదరాబాదులోనైనా పత్రాలు లేని శరణార్థి, ప్రత్యేక మినహాయింపు ఉంటే తప్ప, చట్టం దృష్టిలో అక్రమంగా ప్రవేశించిన విదేశీయుడే. ప్రాణభయంతో పారిపోయినవాడు పాస్‌పోర్టు తెచ్చుకోలేడన్న వాస్తవానికి ఇందులో చోటు లేకపోవడం పెద్ద లోపం.

1946 విదేశీయుల చట్టం 14వ సెక్షన్ ఐదేళ్ల దాకా జైలుశిక్ష విధించింది. తాను విదేశీయుడిని కానని నిరూపించుకునే భారం 9వ సెక్షన్ ప్రకారం ఆ వ్యక్తిదే. ఈ చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1న వలసలు, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం చెల్లుబాటయ్యే పత్రాలు లేకుండా ప్రవేశిస్తే ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

చిత్తూరుకు పొరుగున తమిళనాడులో ఉన్న వేలూరు కోటలో శ్రీలంక తమిళ మిలిటెంట్ల కోసం ప్రత్యేక శిబిరం నడిచింది. 1995లో 43 మంది సొరంగం తవ్వి తప్పించుకున్నారు. సాధారణ శిబిరాల్లోని శరణార్థి కుటుంబాలపైనా మిలిటెంట్లన్న అనుమానపు నీడ పడింది. 2015 జనవరి 9 నాటికి వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు ఇప్పుడు శిక్షల నుంచి మినహాయింపు ఉంది. మయన్మార్ నుంచి వచ్చి హైదరాబాదు బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాలకు అలాంటిది లేదు. జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాలను విడుదల చేయడానికి 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిరాకరించింది. నిర్దేశిత ప్రక్రియ పాటించకుండా వెనక్కి పంపరాదని మాత్రం చెప్పింది.