బీరు పరిరక్షణోద్యమము (న్యూజెర్సీ)

మహాయంత్రశాలల ఏకరూప పానీయమునకు ప్రతిగా, సంప్రదాయ పద్ధతిని కాచిన బీరును, దానిని పోసి విక్రయించు పానశాలలను కాపాడుటకై వినియోగదారులు నడుపు ఉద్యమము. 1971లో నలుగురు ఆంగ్ల యువకులు స్థాపించిన ‘కామ్రా’ అను సంస్థ దీనికి ఆదర్శము. పీపాయిలోనే రెండవమారు పులిసి, బయటినుండి బొగ్గుపులుసు వాయువు నెక్కింపక వడ్డించు బీరునే అది అసలైనదిగా పరిగణించును.

తెలుగువారు విస్తారముగా నివసించు ఎడిసన్ పట్టణము గల న్యూజెర్సీ రాష్ట్రమున చిన్న బీరు కర్మాగారముల మనుగడ సమస్య లైసెన్సుల రూపమున తలయెత్తెను. పానశాల లైసెన్సులు 3,000 మంది నివాసులకు ఒకటి చొప్పున పరిమితములగుటచే వాని వెల మిన్నంటగా, చిన్న బీరు కర్మాగారములు సందర్శకులకు తమ పనితీరును చూపి అచ్చటనే పోసి అమ్ముటకు 2012 నాటి చట్టము అనుమతించెను. ఎడిసన్‌లోని సైప్రెస్ ఇట్టి కర్మాగారమే. 2018లో రాష్ట్ర మద్యనియంత్రణ విభాగము, ఇట్టి కర్మాగారములలో జరుపుకొను ప్రత్యేక కార్యక్రమములను ఏటికి 25కు పరిమితము చేయగా, నిరసన చెలరేగి ఆ యుత్తరువు కొలది దినములలోనే నిలిచిపోయెను. అయినను అట్టి నిబంధనలే 2022 జూలైలో అమలునకు వచ్చెను. తుదకు 2024 జనవరిలో గవర్నరు ఫిల్ మర్ఫీ సంతకము చేసిన చట్టము ఆ పరిమితిని, సందర్శన నిర్బంధమును తొలగించెను.