ఒకే గదిలో ఇద్దరు అపరిచితులు: ఒక ఫ్రెంచ్ కుటుంబం కథ

2002లో 'జెట్ ల్యాగ్' అని ఒక ఫ్రెంచ్ రొమాంటిక్ కామెడీ వచ్చింది. పారిస్ ఎయిర్‌పోర్టులో సమ్మె, విమానాలు ఆగిపోయాయి. రోజ్ అనే బ్యూటీషియన్, వేధించే ప్రియుణ్ని వదిలేసి మెక్సికో వెళ్లిపోదామని వచ్చింది. ఆమె ఫోన్ కాస్తా టాయిలెట్‌లో పడిపోతుంది. ఎవరో ఫెలిక్స్ అనే చిరాకు మనిషిని ఫోన్ అడుగుతుంది. చివరికి ఆ రాత్రి ఇద్దరూ ఒకే హోటల్ గదిలో సర్దుకోవాల్సొస్తుంది. జూలియెట్ బినోష్, జీన్ రెనో చేశారు. అవును, 'లియోన్'లో కిరాయి హంతకుడు, ఆయనే!

ఇంతవరకు మామూలు కథే. నాకు ఆసక్తి కలిగింది డైరెక్టర్ డానియెల్ థాంప్సన్ గురించి చదివాక.

ఆవిడ పుట్టింది 1942లో, మొనాకోలో. ఎందుకక్కడ? వాళ్ల నాన్న జెరార్డ్ ఊరీ యూదుడు. అప్పటికి ఫ్రాన్స్ ఓడిపోయింది, పారిస్ జర్మన్ల చేతిలో ఉంది, యూదుల మీద చట్టాలొచ్చాయి. నటుడిగా బతుకుతున్న మనిషి అన్నీ వదిలేసి దక్షిణానికి పారిపోయాడు. మొనాకో నుంచి తర్వాత స్విట్జర్లాండ్ చేరాడు.

అలాంటివాడు 1966లో అదే యుద్ధం మీద కామెడీ తీశాడు! పేరు 'లా గ్రాండ్ వద్రూయ్'. రాసినవాళ్లలో కూతురు డానియెల్ కూడా ఉంది. కథా కాలం కూడా 1942 వేసవే. కూలిన బ్రిటిష్ విమానంలోంచి పారాచూట్లతో దిగిన సైనికుల్ని ఒక సున్నాలేసే పెయింటరూ, ఒపెరాలో సంగీతం నడిపించే పెద్దమనిషీ కలిసి సరిహద్దు దాటించాలి. ఒకరికొకరు అస్సలు పొసగరు. హోటల్లో గది నంబరు 6 తిరగబడి 9 అవుతుంది. హీరోల్లో ఒకాయన గురకపెట్టే జర్మన్ మేజర్ పక్కన తేలతాడు. ప్రాణభయంతో పారిపోయిన మనిషి ఆ భయంతోనే నవ్వించాడు. అది చిన్న విషయం కాదు. ఫ్రాన్స్‌లో 1 కోటి 70 లక్షల మందికి పైగా చూశారు. ఫ్రెంచ్ సినిమాల్లో ఆ రికార్డు 2008 దాకా చెక్కుచెదరలేదు.

ఇప్పుడు 'జెట్ ల్యాగ్' చూడండి. పారిపోతున్న మనిషి, ఆగిపోయిన ప్రయాణం, పొసగని ఇద్దరు, ఒక హోటల్ గది. సరుకంతా నాన్న సినిమాదే అనిపిస్తుంది నాకు. తుపాకులు మాత్రం లేవు. రోజ్ భయం సైనికుల గురించి కాదు, ఫోన్ మోగితే అవతల ఎవరుంటారా అని. నవ్వుతూనే ఆ భయాన్ని సీరియస్‌గా తీసుకుంది కాబట్టే సినిమా నిలబడింది.

ఈ సినిమా స్క్రిప్టు ఆవిడతో కలిసి రాసింది ఎవరో తెలుసా? ఆవిడ కొడుకు క్రిస్టఫర్. రెండూ చూడాలనుకునేవాళ్లు 1966ది ముందు చూడండి.