తెలుగు మర్యాద - ఇంగ్లీషు వాడుక

క్షేమేంద్రుడు 11వ శతాబ్దమున ‘ఔచిత్యవిచారచర్చ’యందు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని ప్రతిపాదించెను. పరభాషా వ్యవహారమునకును ఈ సూత్రము వర్తించునని మా యభిప్రాయము. వ్యాకరణదోషము లేని వాక్యము కూడ తగనిచోట పలికినచో మొరటుగనో, అతివినయముగనో తోచును. ఏది తగునో నిర్ణయించు కొలమానమును తెలుగు విద్యార్థి తన యింటినుండియే తెచ్చుకొనుచున్నాడు. దీనికొక చరిత్ర కలదు.

కంపెనీ పాలనలో ఇంగ్లీషు మనవారికి ప్రధానముగ కచేరీ భాష. వెన్నెలకంటి సుబ్బారావు 1815 నుండి 1829 వరకు చెన్నపట్టణపు సదరు కోర్టున అనువాదకుడుగను, దుబాసిగను పనిచేసెను. ఆయన ఇంగ్లీషున వ్రాసికొనిన స్వీయచరిత్ర 1873లో ముద్రితమైనది. ఆనాటి ఇంగ్లీషు లేఖలను ‘తమ విధేయ సేవకుడు’ అను అర్థము గల మాటతో ముగించుట ఆచారము. మన అర్జీల వినయమునకు ఇది చక్కగ పొసగినది. ఇంగ్లండున ఆ యాచారము సడలిన పిదపను మన దరఖాస్తులలో చాలకాలము నిలిచినది. కనుక తెలుగుతనమని మనము తలచు అతివినయములో కొంత కచేరీ ఇంగ్లీషు శేషమే.

మిగిలినది మన భాషనుండి వచ్చినది. తెలుగున నీవు, మీరు, గారు, అండి అను మెట్లు కలవు. నేటి ఇంగ్లీషున అందరికిని ‘యూ’ ఒక్కటే. ఆ వెలితిని పూరించుటకే విద్యార్థి వాక్యవాక్యమున ‘సర్’ అనును. ‘పోయెదను’ అనుట అశుభమని ‘వెళ్లివచ్చెదను’ అనువాడు ఇంగ్లీషునను ‘ఐ విల్ గో అండ్ కమ్’ అనును. ఇంటివారు మంచినీళ్లిచ్చినప్పుడు కృతజ్ఞత చెప్పుట మనకు పరాయితనముగ తోచును. కనుక ‘థాంక్యూ’ అనకపోవుట కృతఘ్నత కాదు.

హైదరాబాదున 1958లో కేంద్ర ఇంగ్లీషు సంస్థ వెలసినది. 2007లో అది కేంద్రవిశ్వవిద్యాలయమైనది. ఈ నడుమ, 1983లో, జెన్నీ థామస్ ఇట్టి పొరపాట్లను రెండుగ విభజించెను: నుడికారమును యథాతథముగ మార్చుటవలన కలుగునవి, సామాజిక విలువల భేదమువలన కలుగునవి. మొదటివానిని ఉపాధ్యాయుడు సులభముగ దిద్దవచ్చును. రెండవవానిని దిద్దబోయిన విద్యార్థి సంస్కారమునే తప్పుపట్టినట్లగును.

మధురానగర్ చెంతనున్న అమీర్‌పేట శిక్షణకేంద్రములకు ఇంగ్లీషు మాటలాడ నేర్చుటకు వచ్చు యువకులకు ఈ భేదము బ్రతుకుతెరువుకు సంబంధించినది. ఉద్యోగపు ఇంటర్వ్యూలో వారి మర్యాద పిరికితనముగ లెక్కింపబడవచ్చును. హైదరాబాదు తరగతిలో గురువును ‘సర్’ అనుట ఉచితమే. విదేశీ సహోద్యోగిని పేరుపెట్టి పిలుచుటయు ఉచితమే. ఒకదానిని తప్పనక, రెండు మర్యాదలను పక్కపక్కన నిలిపి బోధింపవలెనని మేము భావించుచున్నాము.