ఏడు రూపాయల సిపాయి

యుద్ధచరిత్రములు వ్రాయువారు సేనాపతుల పేళ్లను, పట్టిన కోటలను లెక్కింతురు గాని సిపాయి యింటి జమాఖర్చులను లెక్కింపరు. ఈ లెక్క మనకు పరాయిది గాదు. క్లైవు వెంట వంగదేశమునకు వెళ్లిన మదరాసు సిపాయిలను అచ్చటివారు 'తిలంగా' లనిరి. పిదప ఆ పేరే సిపాయి కెల్ల నిలిచెను.

పందొమ్మిదవ శతాబ్దమున పదాతి సిపాయి నెలజీతము 7 రూపాయలు. అది 1895 లో 9 రూపాయలకును, పిదప 11 రూపాయలకును పెరిగెను. తిండి ఖర్చు దానిలోనిదే. ఉడుపులకును కొంత కోత పడెడిది. శాంతికాలమునగూడ ఉచితముగ భోజనసామగ్రి యిచ్చుట 1917 నుండియే. మదరాసు సిపాయి ఆలుబిడ్డలను పటాలముతోడనే యుంచుకొనెడివాడు. ఊరు మాఱినపుడెల్ల వారిని తరలించు ఖర్చు అతని నెత్తినే పడెడిది.

ఈ లోటును కొంత పూడ్చినది బత్తా, అనగా దూరసేవకై యిచ్చు అదనపు రొక్కము. అది వచ్చినపుడు అప్పు తీరెడిది. ఆగినపుడు అప్పు పుట్టెడిది. 1843 లో సింధుదేశము కంపెనీ రాజ్యమున గలిసెను. ఇక నది పరదేశము గాదని పరదేశపు బత్తా నిలిపిరి. ఎడారి యెండ తగ్గలేదు, ఇంటి దూరము తగ్గలేదు. రొక్కము మాత్రము తగ్గెను. బంగాళపు 34 వ పటాలమువారు ముందునకు నడువ నిరాకరింపగా 1844 లో దానిని రద్దు చేసిరి.

అంతకు 20 ఏండ్ల క్రిందటనే బారకపూరున నింతకన్న ఘోరము జరిగెను. 47 వ పటాలమువారిని బర్మా యుద్ధమునకై చిట్టగాంగు వైపు నడువుమనిరి. వంటపాత్రలను మోయు నెద్దులను సిపాయిలే సమకూర్చుకొనవలెను. యుద్ధసన్నాహములచేత ఎద్దులు కఱవయ్యెను. దొరకినవాని వెల 7 రూపాయలవానికి అందలేదు. ఎద్దులనైన, హెచ్చు బత్తానైన నిమ్మని కదలక నిలిచినవారిపై 1824 నవంబరు 2 వ తేదీన ఫిరంగులు ప్రేల్చిరి. పెక్కురు మడిసిరి, నాయకులను ఉరిదీసిరి, పటాలము పేరు సైన్యపు పట్టికనుండి కొట్టివేయబడెను.

సిపాయి అప్పులపాలయ్యెనని విన్నంతనే దుర్వ్యసనముల నూహించుట లోకరీతి. త్రాగుడును జూదమును లేవని నే ననను. కాని పై వృత్తాంతములలో అప్పునకు మూలము వ్యసనము గాదు. ప్రభుత్వము భరింపవలసిన వ్యయమును చిన్న జీతగానిపై మోపుటయే. కావున పెద్దలకును పోషకులకును నా విన్నప మొక్కటి. సేనలో నున్న మన పిల్లవాని వాకిట అప్పులవాడు నిలిచెనని వినినపుడు, నిందకు ముందు లెక్క నడుగుడు. ఆ లెక్క తెలిసినగాని చేయవలసిన సాయము తెలియదు.