తాళం వెనుక సాధనాలు: గ్రెన్‌ఫెల్ అనంతర ఇంగ్లండ్‌లో అగ్నిమాపక సిబ్బంది ప్రవేశం - ఒక పరిశీలన

ఎత్తైన నివాస భవనాల్లో అగ్నిమాపక సాధనాలను తాళం వెనుక ఉంచడానికి కారణం లేకపోలేదు. మంటలార్పే నీటిని పై అంతస్తులకు చేర్చే డ్రై రైజర్ గొట్టాలకుండే ఇత్తడి భాగాలను దొంగలు ఊడబెరుక్కుపోతారు. లిఫ్టును సిబ్బంది అదుపులోకి తెచ్చే స్విచ్చి అందరికీ అందితే ఆకతాయిల పాలవుతుంది. అయితే దొంగను ఆపే తాళం మంటలార్పడానికి వచ్చినవారినీ ఆపగలదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉందనే ప్రశ్న ఒక్కటే ఈ చిక్కును తీర్చదనీ, ఆ చెవితో తాళం తెరుచుకుంటుందని ముందుగా ఎవరు పరీక్షించి చూస్తున్నారన్నదే అసలు ప్రశ్న అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

గ్రెన్‌ఫెల్ సాక్ష్యం

2017 జూన్ 14న లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది మరణించారు. మంటలు అంతగా పాకడానికి ప్రధాన కారణం వెలుపలి గోడలకు అమర్చిన దహనశీల పలకలు. లిఫ్టుల సమస్య సహాయక చర్యలను మరింత కష్టం చేసింది. సర్ మార్టిన్ మూర్-బిక్ అధ్యక్షతన సాగిన విచారణ తొలి దశ నివేదిక 2019 అక్టోబరులో వెలువడింది. మొదట చేరుకున్న సిబ్బంది లిఫ్టులను తమ అదుపులోకి తెచ్చుకోలేకపోయారని అది తేల్చింది. దానివల్ల మంటలార్పే పనికి, గాలింపుకు లిఫ్టులు అక్కరకు రాలేదు. అవి నివాసుల వాడుకలోనే ఉండిపోవడంతో, వాటిలో తప్పించుకోబోయిన వారిలో కొందరు ప్రాణాలు కోల్పోయారు.

లిఫ్టులను సిబ్బంది అదుపులోకి తెచ్చే స్విచ్చులు కొన్ని 'డ్రాప్ కీ' అనే ప్రత్యేక తాళంచెవితో పనిచేస్తాయి. ఆ తాళంచెవుల కొలతలు అన్నిచోట్లా ఒకేలా లేవు. ఈ విషయంపై ప్రభుత్వం తక్షణం నిపుణుల సలహా తీసుకోవాలని 2024 సెప్టెంబరులో వెలువడిన విచారణ తుది నివేదిక సూచించింది.

చట్టం చేసిన ఏర్పాటు

తొలి దశ సిఫార్సుల ఆధారంగా రూపొందిన 2022 అగ్ని భద్రతా నిబంధనలు 2023 జనవరి 23న ఇంగ్లండ్‌లో అమలులోకి వచ్చాయి. కనీసం 18 మీటర్ల ఎత్తు లేదా 7 అంతస్తులున్న నివాస భవనాల్లో భద్రమైన సమాచార పెట్టె ఉండాలి. అందులో భవనం ప్లాన్లు, బాధ్యుల వివరాలు ఉంచాలి. దాన్ని తెరిచే మార్గాన్ని స్థానిక అగ్నిమాపక శాఖకు తెలియజేయాలి. సిబ్బంది వాడే లిఫ్టులను, ముఖ్య సాధనాలను నెలనెలా తనిఖీ చేయాలి. లోపం 24 గంటల్లో సరికాకపోతే ఆ శాఖకు తెలపాలి.

విశ్లేషణ

ఈ రెండు ఏర్పాట్ల స్వభావం వేరు. పెట్టె సమాచారాన్ని అందిస్తుంది. తనిఖీ పనితీరును నిరూపిస్తుంది. భవనంలోకి వెళ్లే అనుమతి ఉన్న వ్యక్తుల ఫోన్ నంబరు పెట్టెలో దొరికినా, అర్ధరాత్రి వారు తాళంచెవితో వచ్చేదాకా మంట ఆగదు. నెలవారీ తనిఖీలోనూ ఒక లొసుగుంది. నిర్వాహకుడు తన దగ్గరున్న చెవితో స్విచ్చి తిప్పి 'సరిగా ఉంది' అని నమోదు చేయవచ్చు. అగ్నిమాపక శకటంలోని చెవి కొలత వేరైతే ఆ నమోదుకు విలువేముంది?

కాబట్టి తనిఖీని సాధనానికే పరిమితం చేయకూడదు. స్థానిక అగ్నిమాపక కేంద్రం వాడే చెవితోనే పరీక్ష జరగాలి. తాళం మార్చిన ప్రతిసారీ ఆ కేంద్రానికి తెలియజేసి, వారి సమక్షంలో మళ్లీ తెరిచి చూడాలి. దొంగల నుంచి కాపాడే బాధ్యత యజమానిది కనుక, ఆ తాళం సిబ్బందికి అడ్డుకాదని చూపించే భారం కూడా యజమానిదే కావాలి.