పాపం నుండి విడుదల, విధేయతకు పిలుపు

పాపం నుండి విడుదల అంటే ఏమిటని అడిగితే మనలో చాలామంది పాపక్షమాపణ అని జవాబిస్తాం. అది సత్యమే, కాని అది సగమే. క్షమాపణ పాపపు శిక్షను తీసివేస్తుంది. విడుదల పాపపు ఏలుబడిని తీసివేస్తుంది. ఈ రెండవ సంగతిని వివరంగా బోధించే భాగం రోమా పత్రిక 6వ అధ్యాయం.

పాపం ఒక యజమాని

అపొస్తలుడైన పౌలు ఈ పత్రికను సుమారు క్రీ.శ. 57లో కొరింథు నుండి వ్రాశాడు. ఆనాటి రోమాలో దాసులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 16వ అధ్యాయంలోని పేర్లను బట్టి, ఆ సంఘంలో దాసులూ, దాస్యం నుండి విడుదలైనవారూ ఉండి ఉంటారని పండితులు చెబుతారు. అందుకే పౌలు పాపాన్ని ఒక చెడు అలవాటుగా కాక, మనిషిని ఏలే యజమానిగా చూపించాడు. దాసుడు తన బలంతో బయటపడలేడు. అయితే చనిపోయినవాని మీద పాత యజమానికి హక్కు ఉండదు. విశ్వాసి క్రీస్తుతో కూడ మరణించి ఆయనతో కూడ లేచాడనీ, బాప్తిస్మం చాటేది ఇదేననీ పౌలు వాదన (రోమా 6:3-7).

వరుస మారకూడదు

ఈ అధ్యాయంలో వరుసను గమనించండి. 11వ వచనం వరకు క్రీస్తులో జరిగిపోయిన కార్యం. 12వ వచనం నుండి మనం చేయవలసినది: అవయవాలను పాపానికి కాక దేవునికి అప్పగించుకోవాలి. ఈ వరుసను తిరగేసి, ముందు విధేయత, తరువాత విడుదల అంటే అది సువార్త కాదు. మొదటి భాగం దగ్గరే ఆగిపోతే అది పౌలు బోధ కాదు. పాపానికి దాసులైనవారు ఇప్పుడు నీతికి దాసులయ్యారని ఆయన స్పష్టంగా చెప్పాడు (6:18). విధేయత విడుదలకు చెల్లించే వెల కాదు. విడుదలైనవాడు బ్రతికే బ్రతుకు. అందుకే 23వ వచనంలో పాపం ఇచ్చేది జీతం, దేవుడిచ్చేది వరం. జీతమని అనువదించిన గ్రీకు మాట సైనికునికిచ్చే భత్యానికి వాడే మాట.

జాన్ న్యూటన్ జీవితం

మన సంఘాలు ఎరిగిన అమేజింగ్ గ్రేస్ కీర్తన రచయిత జాన్ న్యూటన్ 1748 మార్చిలో అట్లాంటిక్ తుఫానులో చిక్కుకొని దేవునికి మొరపెట్టాడు. తన మార్పుకు ఆరంభంగా ఆ దినాన్ని జీవితాంతం జ్ఞాపకం చేసుకున్నాడు. అయినా ఆ తరువాత 1754 వరకు ఆఫ్రికా బానిసలను తరలించే ఓడలలోనే పనిచేశాడు, వాటికి కెప్టెన్ కూడా అయ్యాడు. ఆదివారం ఓడ సిబ్బందికి ఆరాధన జరిపించేవాడు. ఓడ అడుగున మనుషులు సంకెళ్లలో ఉండేవారు. ఆ వ్యాపారం తప్పని అప్పుడు తన మనస్సుకు తోచలేదని తరువాత ఆయనే వ్రాశాడు. సముద్రయానం మానింది కూడా అనారోగ్యం వల్లనే. 1764లో బోధకుడయ్యాడు. 1788లో గాని బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ, అందులో తన పాత్రను ఒప్పుకుంటూ బహిరంగంగా పుస్తకం ప్రచురించలేదు. 1807లో బ్రిటన్ పార్లమెంటు ఆ వ్యాపారాన్ని నిషేధించింది. ఆ సంవత్సరం డిసెంబరులో ఆయన కన్నుమూశాడు.

అందరూ చేసేది, చట్టం ఒప్పుకొనేది, లాభం తెచ్చేది పాపమని బహిరంగంగా ఒప్పుకోవడానికి ఒక విశ్వాసికి నలభై ఏళ్లు పట్టింది.

మన సంగతి

మద్యం, జూదం, వ్యభిచారం విడిచిపెట్టామని మనం సాక్ష్యం చెబుతాం, దేవునికి స్తోత్రం. కాని 1961 నుండి చట్టమే నిషేధించిన కట్నాన్ని ప్రార్థన చేసి మరీ మాట్లాడుకునే కుటుంబాలు మన సంఘాలలో ఉన్నాయి. ప్రభువు బల్ల దగ్గర ఒకటే రొట్టె తీసుకొని, పెండ్లి సంబంధం దగ్గర కులం అడిగేవారున్నారు. వీటిని లోకాచారం అంటాం. న్యూటన్ కాలంలోనూ బానిస వ్యాపారం లోకాచారమే.

కాబట్టి మూడు పనులు చేద్దాం. మొదట, మనకు పాపంగా కనబడనిదానిని చూపించుమని దేవుని అడుగుదాం (కీర్తన 139:23-24). రెండవది, నమ్మదగిన విశ్వాసితో ఒకరి పాపం ఒకరు ఒప్పుకుందాం (యాకోబు 5:16). మూడవది, జక్కయ్యవలె తీసుకున్నది తిరిగి ఇద్దాం (లూకా 19:8). కట్నం తీసుకున్న అత్తమామలు దానిని కోడలి చేతికి తిరిగి ఇవ్వడంలో సిగ్గుపడవలసినదేమీ లేదు. జక్కయ్య ఆ మాట అన్న ఇంటిలోనే ప్రభువు రక్షణను ప్రకటించాడు.

విడిపించిన ప్రభువు, విడుదలైనవారివలె నడిచే కృపను మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.